ఎద్దునూ దున్ననూ ఒకే కాడికి కట్టొచ్చా? వేగం వేరైన డిస్కుల లెక్క

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఆ దెబ్బకు చాలా ఇళ్లలో మూలన దుమ్ము పట్టిన డెస్క్‌టాప్‌ల మూతలు ఊడాయి. విండోస్ 11 ఎక్కుతుందేమో చూద్దామని కొందరు, విండోస్ బదులు లినక్స్ వేద్దామని కొందరు విప్పారు. ఎలాగూ విప్పాం కదా, ఒక ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌లలో సమాచారం దాచే వేగమైన డిస్కు) వేయిద్దాం అనుకున్నారు. సరిగ్గా ఆ ఏడాది చివర్లోనే ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ చిప్‌ల ధరలు ఎగబాకాయి. దాంతో పెద్ద ఎస్‌ఎస్‌డీ ఆశ వదులుకుని, చిన్నది కొని, పాత హార్డ్ డిస్కును కూడా లోపలే ఉంచేస్తున్నవాళ్లు పెరిగారు.

సికింద్రాబాద్ సీటీసీలో కంప్యూటర్ షాపుల ముందు కాసేపు నిలబడితే ఈ ప్రశ్న చెవిన పడుతుంది: "అన్నా, పాత హార్డ్ డిస్క్ అట్లనే ఉంచితే కొత్తది స్లో అయితదా?" ఒకరు అవుతుందంటారు. ఒకరు అస్సలు కాదంటారు. ఇంకొకరు రెండూ కలిపి రైడ్ చేస్తే (ఒకే డిస్కులా కట్టేస్తే) డబుల్ స్పీడ్ వస్తుందంటారు. విచిత్రం ఏమిటంటే ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. గొడవంతా "కలపడం" అనే మాటతోనే.

కలపడంలో మూడు రకాలు ఉన్నాయి. రెండు డిస్కులను పక్కపక్కన పెట్టి, దేని పని దానికి అప్పగించడం ఒకటి. రెండింటినీ కట్టేసి కంప్యూటర్‌కు ఒకే డిస్కులా చూపించడం రెండోది. చిన్న వేగమైన డిస్కును ముందు నిలబెట్టి, పెద్ద నెమ్మదైన దాన్ని వెనక ఉంచడం మూడోది. ఎవరు ఎవరి కోసం ఆగాల్సి వస్తుందన్నది ఈ మూడింటిలో మూడు రకాలుగా ఉంటుంది.

వేగం అంటే ఏ వేగం?

హార్డ్ డిస్కులో నిజంగానే పళ్లేలు తిరుగుతుంటాయి. వాటి మీద ఒక చేయి అటూ ఇటూ కదులుతూ సమాచారం చదువుతుంది. పాత కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు లోపల్నుంచి వచ్చే ఆ కిరకిర, టిక్కుటిక్కు శబ్దం ఆ చేతిదే. ఆర్‌పీఎం అంటే ఆ పళ్లెం నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్న లెక్క. ల్యాప్‌టాప్ డిస్కులు ఎక్కువగా 5,400, డెస్క్‌టాప్ డిస్కులు ఎక్కువగా 7,200.

7,200 అంటే సెకనుకు 120 చుట్లు. ఒక్క చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. మనకు కావాల్సిన ముక్క చేతి కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి, అంటే 4.2 మిల్లీసెకన్లు. అంతకంటే ముందు చేయి సరైన గాడి దగ్గరికి చేరాలి, దానికో 9 మిల్లీసెకన్లు వేసుకుందాం. మొత్తం 13. 5,400 డిస్కులో అర చుట్టుకు 5.6, చేతి కదలికకు 12 అనుకుంటే 17.6 వస్తుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, కదిలేది ఏమీ లేదు కాబట్టి సుమారు 0.1 మిల్లీసెకను చాలు.

అంకెలు చిన్నవిగా కనిపిస్తున్నాయి కదా, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు ఏం జరుగుతుందో ఊహించండి. అక్కడొకటి ఇక్కడొకటి చెదిరి ఉన్న పది వేల చిన్న ముక్కలు చదవాలనుకుందాం. 7,200 డిస్కుకు 130 సెకన్లు, అంటే రెండు నిమిషాల పైన. 5,400 డిస్కుకు 176 సెకన్లు, దాదాపు మూడు నిమిషాలు. ఎస్‌ఎస్‌డీకి ఒక్క సెకను. నిజ జీవితంలో విండోస్ కొంత ముందుగానే చదివి పెట్టుకోవడం లాంటి తెలివితేటలు చూపిస్తుంది కాబట్టి అచ్చం ఇలాగే ఉండదు, కానీ తేడా స్థాయి మాత్రం ఇదే.

పెద్ద ఫైలు ఒక్కటే వరసగా చదివితే లెక్క మారిపోతుంది. చేయి ఒక చోట కుదురుకున్నాక ఇటీవలి 7,200 డిస్కు సెకనుకు 150 నుంచి 250 ఎంబీ దాకా ఇస్తుంది. సాటా కేబుల్‌తో తగిలించే ఎస్‌ఎస్‌డీ 550 దగ్గర ఆగుతుంది. అంటే సినిమా చూడటంలో హార్డ్ డిస్కుకూ ఎస్‌ఎస్‌డీకీ తేడా తెలియనే తెలియదు. సినిమాకు సెకనుకు పది ఎంబీ కూడా అక్కర్లేదు మరి.

ఇక్కడే ఒక చిన్న చరిత్ర చెప్పుకోవాలి. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి హార్డ్ డిస్కు నిమిషానికి 1,200 చుట్లు తిరిగేది. 1992లో సీగేట్ 7,200కు చేర్చింది. తర్వాత సర్వర్ల కోసం 10,000, 15,000 కూడా వచ్చాయి గానీ ఇంటి కంప్యూటర్ ఇప్పటికీ 7,200 దగ్గరే ఉంది. సామర్థ్యం లక్షల రెట్లు పెరిగింది, తిరిగే వేగం ఆరు రెట్లు. అందుకే 5,400, 7,200 డిస్కులను కలపడం వేరు, హార్డ్ డిస్కునూ ఎస్‌ఎస్‌డీనీ కలపడం వేరు. మొదటిది అన్నదమ్ముల మధ్య తేడా. రెండోది జాతి తేడా.

సి, డి అంటే రెండు డిస్కులు కావు

పాత కంప్యూటర్లలో సి, డి, ఇ అని మూడు కనిపిస్తే మూడు డిస్కులు ఉన్నాయనుకునేవాళ్లు చాలామంది. ఎక్కువసార్లు అది ఒకే డిస్కుకు వేసిన మూడు గీతలు, ఒక పొలానికి మూడు గట్లు వేసినట్టు. పళ్లేలు అవే, చేయి కూడా అదే. సి నుంచి డి కి పది జీబీ కాపీ చేస్తే ఆ చేయి ఇక్కడ కొంత చదివి, అక్కడికి పోయి కొంత రాసి, మళ్లీ ఇక్కడికి రావాలి. విడి డిస్కులైతే ఒకటి చదువుతూ ఉంటే ఇంకొకటి రాస్తూ పోతుంది. నెమ్మదైన డిస్కే అయినా, రెండోది విడిగా ఉండటం వల్ల పని త్వరగా తెమిలే సందర్భం ఇదొకటి.

పక్కపక్కన ఉంటే పాతది కొత్తదాన్ని లాగుతుందా?

లాగుతుందన్న నమ్మకం గాలిలోంచి పుట్టింది కాదు. ఐడీఈ అనే పాత కనెక్షన్ రోజుల్లో వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఒక్కదానికే రెండు డిస్కులు వేలాడేవి. వెనక జంపర్ అనే చిన్న ముక్క పీకి, గుచ్చి, ఏది మాస్టరో ఏది స్లేవో చెప్పాల్సి వచ్చేది. డిస్కులను నడిపే మొదటి తరం కంట్రోలర్ చిప్‌లలో కొన్ని ఆ కేబుల్ మీది రెండు డిస్కులనూ నెమ్మదైన దాని వేగంతోనే నడిపేవి. తర్వాతి కంట్రోలర్లు ఆ లోపం దిద్దుకున్నాయి. అయినా ఒకే కేబుల్ కాబట్టి ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు నోరు మూసుకోవాల్సిందే. ఆ కాలంలో కంప్యూటర్లు విప్పిన చేతులే ఈనాటికీ షాపుల్లో ఉన్నాయి, ఆ మాట కూడా వాళ్లతోనే మిగిలిపోయింది.

2003 నుంచి వచ్చిన సాటాలో ప్రతి డిస్కుకూ సొంత కేబుల్, సొంత దారి. విండోస్ ఎస్‌ఎస్‌డీ మీద ఉండి, ఫొటోలు, సినిమాలు హార్డ్ డిస్కు మీద ఉంటే, విండోస్ తెరుచుకోవడానికి హార్డ్ డిస్కుతో పనే ఉండదు. ల్యాప్‌టాప్‌లో డీవీడీ డ్రైవ్ పీకేసి, ఆ ఖాళీలో పట్టే క్యాడీ అనే చట్రంలో పాత డిస్కు పెట్టేవాళ్ల విషయంలోనూ అంతే.

అయితే రెండింటి మధ్య రవాణా జరిగినప్పుడు నెమ్మదైనదే యజమాని. ఉదాహరణకు 40 జీబీ పెళ్లి వీడియో. సెకనుకు 3,500 ఎంబీ చదవగల ఎన్‌వీఎంఈ (సాటా కంటే వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ నుంచి, 150 ఎంబీ రాయగల హార్డ్ డిస్కుకు పంపుతున్నారు. 40,000ను 150తో భాగిస్తే 267 సెకన్లు, నాలుగున్నర నిమిషాలు. ఎస్‌ఎస్‌డీ ఇంకా ఖరీదైనది కొన్నా ఒక్క సెకను తగ్గదు. పెద్ద ట్యాంకు కట్టించినా కుళాయి సన్నదైతే బిందె నిండే సమయం మారనట్టే.

"మరి నాకు ఎస్‌ఎస్‌డీ వేయించాక కూడా అప్పుడప్పుడు ఆగిపోతోందే" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. దానికి రెండు కారణాలు తరచూ కనిపిస్తాయి. ఒకటి నిద్ర. మామూలు సెట్టింగులో విండోస్ 20 నిమిషాలు వాడని హార్డ్ డిస్కును తిరగకుండా ఆపేస్తుంది. వర్డ్‌లో ఏదో రాసుకుంటూ సేవ్ యాజ్ నొక్కుతారు. ఆ పెట్టె తెరుచుకోవాలంటే డ్రైవ్‌లన్నింటినీ ఓసారి పలకరించాలి. లోపల ఊఁ మంటూ డిస్కు లేచి, పూర్తి వేగం అందుకునేదాకా కొన్ని సెకన్లు స్క్రీన్ బిగుసుకుపోతుంది. ఫైలు సేవ్ అవుతున్నది ఎస్‌ఎస్‌డీలోనే అయినా సరే! రెండోది జబ్బు. పాత డిస్కులో కొన్ని భాగాలు పాడైతే అది అదే ముక్కను పదే పదే చదవడానికి ప్రయత్నిస్తుంది, విండోస్ జవాబు కోసం కాచుక్కూర్చుంటుంది. పాతది కాబట్టి నెమ్మదిస్తోంది అనుకునేవాటిలో కొన్ని నిజానికి చావుకు దగ్గరపడ్డ డిస్కులు.

ఒకే కాడికి కడితే

ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగిందని సామెత. రైడ్ 0 అనే పద్ధతిలో అచ్చం అదే జరుగుతుంది. రైడ్ అన్న పేరు 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పత్రంతో వచ్చింది. చౌక డిస్కులు చాలా కలిపి ఒక ఖరీదైన డిస్కు పని చేయించడం దాని ఉద్దేశం. రైడ్ 0 ప్రతి ఫైలునూ సమాన ముక్కలు చేసి, ఒకటి ఈ డిస్కుకు, ఒకటి ఆ డిస్కుకు పంచుతుంది. రెండూ ఒకేలాంటివైతే వేగం దాదాపు రెట్టింపు. షాపులో మూడో మనిషి చెప్పిన డబుల్ స్పీడ్ ఇదే.

వేరువేరు డిస్కులైతే? 180 ఎంబీ వేగమున్న 1 టీబీ డిస్కు, 110 ఎంబీ వేగమున్న 2 టీబీ డిస్కు తీసుకుందాం. కూడితే 290 రావాలనిపిస్తుంది. కానీ ముక్కలు సమానం కాబట్టి వేగమైనది తన వంతు ముగించి, రెండోదాని కోసం నిలబడుతుంది. వచ్చేది 110కి రెండింతలు, 220. చోటు కూడా చిన్నదానికి రెండింతలే, 2 టీబీ. మిగిలిన 1 టీబీ సాధారణంగా ఈ కట్టలో పనికిరాదు (లినక్స్ సొంత రైడ్ మాత్రం దాన్నీ ఎలాగోలా వాడుకుంటుంది).

ఇప్పుడు 500 ఎంబీ ఎస్‌ఎస్‌డీని, 150 ఎంబీ హార్డ్ డిస్కును కట్టండి. 300 వస్తుంది. ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంటే 500 వచ్చేది! డబ్బు పెట్టి కొన్న వేగాన్ని కట్టేసి తగ్గించుకున్నట్టు. చిన్న ముక్కల విషయంలో ఇంకా ఘోరం, సగం ముక్కలకు ఆ 13 మిల్లీసెకన్ల నిరీక్షణ తప్పదు. పైగా ఏ ఒక్కటి పోయినా రెండింటిలోని సమాచారమూ పోయినట్టే. ఏడాదిలో ఒక్కో డిస్కు చెడే అవకాశం నూటికి 3 అనుకుంటే, ఈ కట్టకు అది దాదాపు 6. రైడ్ 0ను సమర్థించేవాళ్లు ఉన్నారు, వీడియో ఎడిటింగ్ తాత్కాలిక ఫైళ్లకు అది బాగానే పనికొస్తుంది. కానీ ఎస్‌ఎస్‌డీని హార్డ్ డిస్కుతో ఇలా కట్టమనే మాట వాళ్లలోనూ ఎవరి నోటా నేను వినలేదు.

రైడ్ 1 ఇంకో రకం. ఒకే సమాచారం రెండింటిలోనూ రాస్తారు. రాయడం రెండు చోట్లా పూర్తయితేనే పూర్తయినట్టు కాబట్టి నెమ్మదైనది లాగుతుంది. చదవడం మాత్రం ఏదో ఒకదాని నుంచి చాలు. లినక్స్‌లో ఒక డిస్కును "ఎక్కువగా రాయడానికే" అని గుర్తుపెట్టి, చదువులన్నీ ఎస్‌ఎస్‌డీకి మళ్లించే వీలు ఉంది.

ఇక ఒకదాని చివర ఇంకోటి అతికించి పెద్ద డ్రైవ్‌లా చూపించే పద్ధతి. 1, 2 కలిసి పూర్తిగా 3 టీబీ. ఇందులో ఎవరూ ఎవరి కోసమూ ఆగరు, కానీ మీ ఫైలు ఏ డిస్కు మీద పడిందో మీకు తెలియదు. ఒకే ఫోల్డర్‌లో ఒక ఫైలు చటుక్కున తెరుచుకుని, పక్క ఫైలు నీలుగుతుంటుంది. విండోస్‌లోని స్పాన్డ్ వాల్యూమ్‌లో ఒక డిస్కు పోతే మొత్తం డ్రైవ్ పోతుంది. లినక్స్ ఇళ్లలో వాడే మెర్జర్‌ఎఫ్‌ఎస్‌లో ప్రతి ఫైలూ పూర్తిగా ఏదో ఒక డిస్కు మీదే ఉంటుంది కాబట్టి పోయిన డిస్కులోవే పోతాయి.

ఇంట్లో నాస్ (నెట్‌వర్క్ ద్వారా అందరూ వాడుకునే డిస్కుల పెట్టె) పెట్టుకుని 5,400, 7,200 డిస్కులు కలిపేవాళ్లకు మాత్రం ఈ టెన్షన్ అక్కర్లేదు. గిగాబిట్ నెట్‌వర్క్ గరిష్ఠంగా మోసేదే సెకనుకు 125 ఎంబీ. పెద్ద ఫైళ్లకు నెమ్మదైన డిస్కు కూడా దాదాపు అంత ఇస్తుంది, ఇంకో డిస్కు ఎంత పరిగెత్తినా తీగ దగ్గర ఆగాల్సిందే. అక్కడ చూసుకోవాల్సింది ఆర్‌పీఎం కంటే ఎస్‌ఎంఆర్. ఇంటి పెంకుల్లా గాడులను ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కించి రాసే పద్ధతి ఇది. చోటు కలిసొస్తుంది గానీ, పాత చోట తిరిగి రాయాలంటే పక్క గాడులనూ మళ్లీ రాయాలి. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన నాస్ డిస్కుల్లో కొన్నింటిలో ఈ పద్ధతి వాడి, ఆ సంగతి ముందుగా చెప్పలేదని పెద్ద రచ్చ అయింది. పెట్టె మీది అంకె ఒకటే అయినా, పాడైన డిస్కు స్థానంలో కొత్తది నింపేటప్పుడు ఇవి చతికిలబడేవి.

ముందు జిరాక్స్ కాపీ, వెనక బీరువా

మూడో పద్ధతి తెలివైనది, అందుకే చర్చా ఎక్కువ. ఇందులో రెండు దారులు ఉన్నాయి. అసలు కాగితాలన్నీ బీరువాలోనే ఉంచి, తరచూ కావాల్సిన వాటి జిరాక్స్ బల్ల మీద పెట్టుకోవడం క్యాష్. అసలు కాగితాన్నే బీరువాలోంచి తీసి బల్ల మీదికి మార్చడం టియరింగ్. క్యాష్‌లో చోటు పెరగదు, బల్ల కాలిపోయినా అసలు భద్రం. టియరింగ్‌లో రెండింటి చోటూ కలుస్తుంది, రెండింటిలో ఏది పోయినా నష్టమే. (క్యాష్‌లోనూ ఒక మెలిక ఉంది: కొత్త రాతలను ముందు ఎస్‌ఎస్‌డీలో రాసి, తీరిగ్గా వెనక్కి పంపే సెట్టింగ్ పెడితే, పంపకముందే ఎస్‌ఎస్‌డీ పోతే ఆ రాతలు గల్లంతు.)

ఇంటెల్ 2011లో జెడ్68 చిప్‌సెట్‌తో క్యాష్ పద్ధతి తెచ్చింది, 64 జీబీ దాకా. ఆపిల్ 2012లో ఫ్యూజన్ డ్రైవ్ పేరుతో 128 జీబీ ఫ్లాష్‌ను (ఎస్‌ఎస్‌డీలో ఉండే రకం చిప్‌లను) హార్డ్ డిస్కుతో టియరింగ్ చేసింది. 2017లో ఇంటెల్ ఆప్టేన్ మెమరీ, 2018లో ఏఎండీ స్టోర్ఎంఐ వచ్చాయి. లినక్స్‌లో 2013 నుంచే డీఎం-క్యాష్, బీక్యాష్ ఉన్నాయి.

ఇది బాగుందనేవాళ్ల వాదన తీసిపారేయదగింది కాదు. ఇంట్లో అమ్మకో తాతయ్యకో ఏ ఫైలు సి లో పెట్టాలి, ఏది డి లో పెట్టాలి అన్న గోల ఎందుకు? టీబీల కొద్దీ సమాచారంలో రోజూ తాకేది కొద్ది జీబీలే. అది కంప్యూటరే కనిపెట్టి ముందు పెడితే హాయి కదా.

వద్దనేవాళ్ల వాదన అర్థం కావాలంటే లెక్క చూడాలి. వెయ్యి సార్లు అడిగితే 900 సార్లు బల్ల మీదే దొరికిందనుకుందాం. 900 సార్లకు 90 మిల్లీసెకన్లు. దొరకని 100 సార్లకు, ఒక్కోదానికి 13 చొప్పున, 1,300. మొత్తం 1,390లో 1,300 హార్డ్ డిస్కు కోసం ఆగిందే! నూటికి తొంభై మార్కులు వచ్చినా ఎస్‌ఎస్‌డీలో 100 పట్టే పని 1,390 పట్టింది. 990 సార్లు దొరికితే 229కి దిగుతుంది. అంటే ఈ పద్ధతి బాగోగులు ముందున్న బల్ల సైజు మీద ఆధారపడతాయి. 2015లో ఆపిల్ 1 టీబీ ఫ్యూజన్ డ్రైవ్‌లో ఫ్లాష్‌ను 128 నుంచి 24 జీబీకి కుదించినప్పుడు కొన్నవాళ్లు గొణిగింది ఇందుకే. రోజూ తెరిచేవి ఒకటే అయితే వేగం. కొత్త గేమ్ పెట్టినా, ఏడాది క్రితం ఫొటోలు తెరిచినా మళ్లీ ఆ పాత నడకే.

చివరికి ఈ పద్ధతులను దెబ్బతీసింది సాంకేతిక లోపం కంటే ధర. 500 జీబీ ఎస్‌ఎస్‌డీ అందుబాటులోకి వచ్చాక బల్లా బీరువా తంతు ఎవరికీ అవసరం లేకపోయింది. 2022లో ఇంటెల్ ఆప్టేన్ వ్యాపారమే మూసేస్తున్నట్టు ప్రకటించింది. ధరలు మళ్లీ పెరిగాయి కాబట్టి ఆ ఆలోచనకు మళ్లీ ప్రాణం వస్తుందేమో గానీ, అప్పటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఇప్పుడు పోషించే నాథుడు లేడు.

ఎస్‌ఎస్‌డీలన్నీ ఒకటి కావు

ఎస్‌ఎస్‌డీ వేగమూ స్థిరం కాదు. చౌక రకం క్యూఎల్‌సీ వాటిలో కొంత భాగం వేగంగా రాసుకునే తాత్కాలిక చోటుగా ఉంటుంది. అది నిండేదాకా 500 ఎంబీ, నిండాక కొన్ని 80కి పడిపోతాయి. అంటే పెద్ద కాపీలో హార్డ్ డిస్కే గెలుస్తుంది. పాత బోర్డుల్లో రెండో తరం సాటా పోర్టులైతే గరిష్ఠం 300 ఎంబీ. అయినా చిన్న ముక్కలు చదవడంలో ఎస్‌ఎస్‌డీ లాభం దాదాపు అలాగే నిలుస్తుంది కాబట్టి పాత కంప్యూటర్‌కు అది వృథా కాదు. కొన్ని మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాట్‌లో (కేబుల్ లేకుండా బోర్డు మీదే గుచ్చే చోట) ఎస్‌ఎస్‌డీ పెట్టగానే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి, దారులు పంచుకోవడం వల్ల. హార్డ్ డిస్కు మాయమైందని కంగారుపడేవాళ్లలో కొందరి కథ ఇంతే.

పాతది తీసేస్తే కొత్తది లేవకపోవడం

మా బాబాయి డెస్క్‌టాప్‌కు పోయినేడాది 500 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించారు. పాత 1 టీబీ డిస్కును అలాగే ఉంచి, విండోస్ మళ్లీ ఎక్కించారు. ఇరవై సెకన్లలో తెరుచుకుంటోందని ఆయన సంబరం. కొన్నాళ్లకు పాతది కిరకిరలాడుతోందని చెప్తే, "ఇక దాంతో పనేముంది బాబాయ్" అని నేనే కేబుల్ పీకేశాను. ఆన్ చేస్తే నల్ల తెర, బూట్ డివైస్ లేదన్న ఒక్క వాక్యం. "ఏందిరా, బాగున్నదాన్ని చెడగొట్టావ్?" అన్నారాయన.

కారణం ఇది. విండోస్ ఎక్కించేటప్పుడు కంప్యూటర్‌లో అప్పటికే ఇంకో డిస్కు మీద బూట్ విభాగం ఉంటే, ఇన్‌స్టాలర్ చాలాసార్లు కొత్తది చేయకుండా దాన్నే వాడుకుంటుంది. విండోస్ మొత్తం ఎస్‌ఎస్‌డీలో, దాన్ని ఎక్కడ వెతకాలో చెప్పే చీటీ మాత్రం పాత డిస్కులో. ఆ విభాగం సైజు సాధారణంగా 100 ఎంబీ. పక్కపక్కన, ఎవరి పని వాళ్లది అనుకున్న రెండు డిస్కులు మాకు తెలియకుండానే ఒకే కాడికి కట్టి ఉన్నాయన్నమాట. కేబుల్ తిరిగి గుచ్చితే ఇరవై సెకన్లలో లేచింది. బూట్ విభాగం మారుస్తానంటే బాబాయి ఒప్పుకోవడం లేదు. ఆ 100 ఎంబీ కోసం 1 టీబీ డిస్కు ఇంకా కిరకిరలాడుతూ తిరుగుతూనే ఉంది.